పేరులో ఉన్న శైవలం

2012లో నేను అశోక్ నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో ఉద్యోగ పరీక్షలకు జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. ఒకరోజు బోర్డు మీద ‘స్పైరులినా – శైవలం’ అని, అంటే నాచు జాతి అని రాశాను. బలానికని జనం మింగే ఆకుపచ్చ బిళ్ళలు అవే.

మూడో బెంచీలోంచి ఒకామె లేచింది. ఆ ఏడాదితో వయసు దాటిపోతుంది, అదే ఆఖరి పరీక్ష అని ఆమె అందరికీ చెప్పుకునేది.

"సార్, గది బాక్టీరియా గద?"

"నీలి ఆకుపచ్చ శైవలం అని పేర్లనే ఉంది కదమ్మా. బాక్టీరియాను ఎవరన్న బిళ్ళలు చేసి అమ్ముతరా?"

"పెరుగుల తింటలేమా సార్?"

క్లాసంతా నవ్వింది. నాకు మండింది. "అయితే రేపటి సంది నువ్వే చెప్పు, నేను బెంచీల కూసుంట," అన్నాను. ఈసారి ఆమెను చూసి నవ్వారు. ఆమె కూర్చుని, బోర్డు మీదున్నట్టే రాసుకుంది.

నారాయణగూడలో ఇంటికి వెళ్ళి పాత ఇంటర్ పుస్తకం తీశాను. స్పైరులినా కణంలో కేంద్రకం లేదు. అందుకే దాన్ని మొనీరా రాజ్యంలో బాక్టీరియాతో పాటు ఉంచారు. శైవలమన్న మాట పాత పేరులో మిగిలిపోయిందంతే. తినే రకం అసలు పేరు ఆర్థ్రోస్పైరా అనీ, స్పైరులినా డబ్బా మీది పేరనీ తర్వాతెప్పుడో తెలిసింది.

మర్నాడు దిద్దలేదు. కొత్త పాఠం మొదలుపెట్టాను.

పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. ఆమె శైవలమనే జవాబు పెట్టింది. ఒక్క మార్కుతో ఉద్యోగం పోయింది.

ఫలితాలొచ్చాక నోటుబుక్కు పట్టుకుని ఆఫీసు గదికి వచ్చింది. "నాదెట్లనో అయిపోయింది. వచ్చే బ్యాచోళ్ళకన్న సరిగ్గ చెప్పున్రి," అంది.

సెంటర్ యజమాని ఆమె చూపిన పేజీ చదివి నా వైపు తిరిగాడు. "ఏందన్నా, గిట్ల చెప్పినవా?"

"బాక్టీరియా అనే చెప్పిన. ఆమెనే తప్పు రాసుకుంది."

"జర మంచిగ వినాలె గదమ్మా," అన్నాడు ఆయన.

"మంచిగనే విన్న సార్. గదే తప్పయింది."

నోటుబుక్కు మూసుకుని మెట్లు దిగిపోయింది. నాకేమీ అనిపించలేదు. టీ తాగి, రెండో క్లాసుకు వెళ్ళాను. చాలా ఏళ్ళు ఏమీ అనిపించకుండానే గడిచాయి.

తర్వాతి బ్యాచ్ నుంచి బాక్టీరియా అనే చెప్పాను. పేరులో శైవలం ఉంది కదా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగేవారు. పేరు తప్పు అనేవాణ్ణి. అక్కడితో ఆపేవాణ్ణి.

ఆమె సరిగ్గానే రాసుకుంది. తప్పు చెప్పింది నేను.