దండెం మీది గంట తాడు

మా పెరట్లో జామచెట్టుకూ బాత్రూం గోడకూ మధ్య కట్టిన తాడు మీద నేను నాలుగేళ్లు బట్టలు ఆరేశాను. అది గుండ్లచెర్ల చర్చి గంట తాడు. మా ఆయన సదానందం కోపంతో విప్పుకొచ్చి దండెం కట్టాడు. వద్దన్నాను. వినలేదు.

మా ఊళ్లో ఎవరు దారి అడిగినా ముందు గంట గోపురం పేరే చెప్తారు. నిజాం కాలంలో తెల్లదొరలు చెరువు కట్ట పక్కన రాతితో కట్టించారట. మహబూబాబాద్ బస్సు కండక్టరు మా ఊరి పేరు పిలవడు, గంట కాడ దిగేటోళ్లు రండి అంటాడు. ఇప్పుడు గోపురానికి రంగు లైట్లు పెట్టారు, ఎదురుగా ఫొటోలు దిగే చోటు కట్టారు. టిఫిన్ సెంటరు బోర్డు మీదా దాని బొమ్మే, చేపల సొసైటీ రసీదు మీదా దాని బొమ్మే. ముప్పై ఏళ్లు ఆ గంట మోగించిన మా ఆయన మొహం మాత్రం ఎవరికీ గుర్తులేదు.

సదానందం మాట పెళుసు. నాతోనూ అంతే. చర్చి సంఘంలో ఎవరైనా చనిపోతే, వాళ్లు ఎన్నేళ్లు బతికారో అన్ని దెబ్బలు గంట కొట్టాలి. ఇంటివాళ్లు చెప్పిన వయసు ఆయన నమ్మేవాడు కాదు. చర్చి రిజిస్టరు చూసి, అన్ని చింతగింజలు జేబులో పోసుకొని పోయేవాడు. దెబ్బకో గింజ కింద వేసేవాడు. చెరువు అవతల నాట్లు వేసేవాళ్లు కూడా నడుము ఎత్తి లెక్కపెట్టేవాళ్లు.

ఆ లెక్క దగ్గరే రాజేశంతో పగ పుట్టింది. రాజేశానికి సిమెంటు దుకాణం ఉంది, సంఘంలో పెద్దమనిషి. వాళ్ల నాయిన చనిపోయినప్పుడు నూరేళ్లు నిండిన మనిషి అని ఊరంతా ఫ్లెక్సీలు కట్టించాడు. గంట ఎనభై నాలుగు దగ్గర ఆగిపోయింది. ఇంకో పదహారు కొట్టమని రాజేశం గోపురం కిందికి వచ్చి అడిగాడు.

"మీ బాపు ఫ్లెక్సీల పుట్టిండా, రిజిస్టర్ల పుట్టిండా?" అన్నాడు సదానందం, అందరూ వింటుండగా.

శవం ముందే జనం నవ్వారు. రాజేశం ఆ నవ్వు మరిచిపోలేదు. రెండేళ్లలో కమిటీకి సెక్రటరీ అయ్యాడు. గోపురానికి తాళం వేయించి, మైకులో రికార్డు గంట పెట్టించాడు. ఎవరు పోయినా పన్నెండు దెబ్బలే. పసిబిడ్డకూ పన్నెండే, పండు ముసలికీ పన్నెండే. తాళం పడే ముందు రోజే సదానందం తాడు ఇంటికి తెచ్చేశాడు. మళ్లీ చర్చి గడప తొక్కలేదు. నేనొక్కదాన్నే పోయేదాన్ని. నా పక్కన చాప ఖాళీగా ఉండేది.

పోయిన వానకాలంలో ఆయన గుండె ఆగి దవాఖానలో చనిపోయాడు. పోయేముందు నా చెయ్యి పట్టుకున్నాడు. "నాకు మైకుల గంట పెట్టనియ్యకు" అన్నాడు. ఇంకో మాటేదైనా అంటాడని చూశాను. అనలేదు.

తెల్లారి దండెం విప్పాను. మీదున్న తడి బట్టలు బుట్టలో పడేశాను. ఆధార్ కార్డు ప్రకారం అరవై ఒక్క చింతగింజలు లెక్కపెట్టి కొంగున కట్టుకున్నాను. తాడు భుజాన వేసుకొని శవపెట్టె వెంట చర్చికి నడిచాను. ప్రార్థన అయ్యాక లేచి, పోయి తాళం తీయమని గోపురం తలుపుకు అడ్డంగా కూర్చున్నాను.

సంఘం తీర్మానం అందరికీ ఒకటే అన్నాడు రాజేశం. తాడు దొంగతనం చేసినవాడికి సంఘం మైకు ఇస్తున్నదే ఎక్కువ అని కూడా అన్నాడు. పాస్టరయ్య బైబిలు మూస్తూ తెరుస్తూ ఉన్నాడు. ఎవరూ నా వైపు రాలేదు. పెట్టె ఎండలో ఉంది. నేను లేవలేదు.

కట్ట మీద నిలబడి చూస్తున్న కొమురెల్లి దిగి వచ్చాడు. చేపలు పట్టే ముసలాయన, మా సంఘం మనిషి కాదు.

"మీ చర్చి సంగతి నాకెందుకు గని రాజేశం, నలబై ఏండ్ల సంది వలేసుకుంట మీ సావులన్నీ లెక్కవెట్టిన. గీయనది లెక్కవెట్టకుంట ఇంటికెట్ల పోవాలె?"

కట్ట మీద జనం పెరిగారు. ఫోన్లు పైకి లేచాయి. రాజేశం లోపలికి పోయి తాళంచెవితో పాటు రిజిస్టరు కూడా తెచ్చాడు. వేలు పెట్టి పేజీ చూపించి, ఎప్పుడూ లేనంత మెల్లగా చెప్పాడు.

"యాబై ఎనిమిదేండ్లే ఉన్నది. మీ ఆయన పద్ధతే గద. ఒక్క దెబ్బ ఎక్కువైనా ఊకోను."

మూడేళ్లు తగ్గాయి. నా మనసు ఒప్పలేదు. కానీ ఆయనైతే యాభై ఎనిమిదే కొట్టేవాడు. కొంగు ముడి విప్పి మూడు గింజలు తీసి రిజిస్టరు మీద పెట్టాను.

"గివి మీ బాపు లెక్కల కలుపుకో, రాజేశమన్నా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. రాజేశం గోపురం తాళం తీశాడు.

కొమురెల్లి పైకెక్కి తాడు కట్టాడు. నేను లాగాను. ఒక్కో దెబ్బకు గంట నన్ను మడమల మీద నుంచి ఎత్తేది. ముప్పై దాటేసరికి అరచేతులు పగిలాయి. దెబ్బకో గింజ వేస్తూ పోయాను. కొంగు ఖాళీ అయ్యాక తాడు వదిలాను. వాకిట్లో లెక్కపెడుతున్న రాజేశం పెదవులు కూడా అక్కడే ఆగాయి.

తాడు సంఘానిది, ఉండనియ్యి అన్నాడు. మైకుకు తాడెందుకని అడిగాను. కొమురెల్లి చేత విప్పించి భుజాన వేసుకున్నాను. భూస్థాపనకు సంఘంలో సగం మంది కూడా రాలేదు.

మర్నాడు దండెం మళ్లీ కట్టాను. బుట్టలో బట్టలు ముక్కిపోయి వాసన కొట్టాయి. పగిలిన చేతులతోనే మళ్లీ ఉతికి ఆరేశాను. అన్నీ ఆయనవే.