నూకరాజు దారం పాతది కాదు

దీన్ని ఇన్నేళ్లూ ఒక్కణ్నే మోశాను. నా భార్యకు తెలియదు. అక్కకు తెలియదు. నాన్న తెలుసుకోకుండానే పోయారు. మీరు నన్ను ఎరగరు కాబట్టి చెప్పగలుగుతున్నాను. ముఖం తెలిసినవాళ్ల ఎదుట నాకు నోరు పెగలదు.

ఎనభైల్లో సంగతి, నాకింకా పెళ్లి కాలేదు. ఉక్కునగరంలో క్వార్టర్ వచ్చిన కొత్త. అమ్మ పోయాక నాన్నను ఊరినుంచి తెచ్చుకున్నాను. పొలం తప్ప మరొకటి ఎరగని మనిషి. నా రెండు గదుల్లో పగలంతా గోడకు ఆనుకుని కూర్చునేవారు. షిఫ్టు నుంచి వచ్చి నేను పలకరిస్తే ముక్తసరిగా ఒకటి రెండు మాటలు. అక్క మొగుడు సత్యం బావ మాత్రం ఆదివారం గుమ్మంలో అడుగు పెడితే చాలు, లేచి కండువా సర్దుకునేవారు. అన్నం తినేది నా ఇంట్లో, నవ్వేది అతన్ని చూసి. అలా పోల్చుకోవడం సిగ్గుచేటని అప్పుడూ తెలుసు. పోల్చుకోకుండా ఉండగలిగానా?

నాన్నను సముద్రం మీదికి తీసుకెళ్దామన్నదీ బావే. జాలరిపేట నూకరాజు అప్పట్లో సెలవురోజుల్లో ఉద్యోగుల కుటుంబాలను తన ఇంజను పడవలో తిప్పి, చేపలుండే చోటు చూపించి, గాలం వెయ్యడం నేర్పేవాడు. అక్క భయపడి ఒడ్డునే ఉండిపోయింది. మేం ముగ్గురం ఎక్కాం. డాల్ఫిన్ కొండ దాటేసరికి నాకు వాంతులు మొదలయ్యాయి. నాన్నకు ఏమీ కాలేదు. నూకరాజు జాలిపడి, ఎర కోసే కత్తి నా చేతికిచ్చి ఓ పక్కన కూర్చోబెట్టాడు.

బావ గాలానికి పెద్ద వంజరం చేప పడింది. నాన్న అతని వెనక చేరి దారం అందుకున్నారు. ఇద్దరూ కలిసి లాగుతున్నారు.

"లాగీ అల్లుడా, వదిలీకు" అని నాన్న కేకలు.

అమ్మ పోయాక ఆ గొంతు నేను వినలేదు. నాకోసం ఎప్పుడైనా అలా కేకలేశారా?

నీళ్లలో చేప పక్క తళుక్కుమంది. చుక్కాని వదల్లేక నూకరాజు నన్ను వంగి దారం పట్టుకోమన్నాడు. వంగాను. వెనకనున్నవాళ్లకు కనిపించేది నా వీపే. ఎడమచేతిలో దారం బిగుసుకుని వణుకుతోంది. కుడిచేతిలో కత్తి. ఆ చేప పడవలోకి వస్తే నాన్న బతికినంతకాలం ఈ రోజు గురించి చెబుతారు, అందులో అల్లుడు చేప పట్టినవాడు, నేను వాంతి చేసుకున్నవాణ్ని. నిజంగా అప్పుడు ఇంత ఆలోచించానా, లేక ఇప్పుడు నన్ను నేను వెనకేసుకొస్తున్నానా? తెలియదు. కత్తి ఆనించాను. అంతే.

ఇద్దరూ వెనక్కి పడ్డారు. దారం ఒరుసుకుని బావ అరచెయ్యి చీరుకుపోయింది. నాన్న మెల్లగా లేచి నీళ్లకేసి చూస్తూ ఉండిపోయారు. ఆ ముఖం చూసి ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. అన్నిటికన్నా చెప్పుకోలేని మాట ఇదే.

"నాదే తప్పు మావా, ఆత్రంగా లాగీసినాను" అన్నాడు బావ, చేతికి గుడ్డ చుట్టుకుంటూ.

ఒడ్డుకు వచ్చాక నూకరాజు దారం కొసను వేళ్ల మధ్య తిప్పి చూశాడు. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"బాబూ, లాగుడికి తెగితే కొస మెలి తిరుగుతాది. ఇది కోసినట్టున్నాది. ఏటైనాది?"

"నీ దారం పాతదైపోనాది. నన్నడుగుతావేటి?" అన్నాను, నాన్నకు వినబడేలా.

నాన్న విరుచుకుపడ్డారు. "కుళ్లిపోయిన దారం ఇచ్చి, పైన నా కొడుకునంతావా?"

నూకరాజు నన్ను చూశాడు. నాన్నను చూశాడు.

"పాతదే అయ్యా. నానే సూసుకోనేదు" అని దారం చుట్టుకుని వెళ్లిపోయాడు.

క్వార్టర్లలో ఎదురైనవాళ్లందరికీ నాన్న ఆ కుళ్లిన దారం గురించి చెప్పారు. క్యాంటీన్లో నన్నడిగితే నేనూ తలూపాను. ఒక్కసారి కాదు, ఎందరడిగితే అన్నిసార్లు. మావాళ్లు అతని దగ్గరికి వెళ్లడం మానేశారు. రెండేళ్ల తర్వాత ఫిషింగ్ హార్బరులో, ఎవరిదో పడవలోకి ఐసు తట్టలు మోస్తూ కనిపించాడు. సొంత పడవ అమ్మేశాడట. నన్ను గుర్తుపట్టి, అయ్యగారు కులాసాగా ఉన్నారా అని అడిగాడు. ఉన్నారన్నాను. అక్కడే చెప్పేసి ఉండాల్సింది. షిఫ్టుకు వేళైందని వచ్చేశాను. ఆ రోజు నాకు షిఫ్టు లేదు.

బావ ఇప్పటికీ ఆ చేప తన తొందరవల్లే పోయిందంటాడు. చెయ్యని తప్పును అంత సులువుగా నెత్తిన వేసుకోగలడు. ఈ వయసులో అది చూసినా నాకు కుళ్లే. నూకరాజు ఉన్నాడో లేడో తెలియదు. నేను వెతకలేదు. ఇకనైనా వెతుకుతానని మీకు మాట ఇవ్వలేను. "నా కొడుకు" అని నాన్న నా తరఫున నిలబడింది ఆ ఒక్కసారే. అది అబద్ధానికి దక్కిందని తెలిసీ ఇన్నాళ్లూ దాచుకున్నాను.

ఆ దారం నేనే కోశాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇంతకాలం పట్టింది. రాశాక మరేమీ మారలేదు. ఊపిరి మాత్రం కొంచెం ఆడుతోంది.