ఎల్లాజీ బోటులో నేను పోయించిన ఇసుక

అయిదోసారికి గానీ ఎల్లాజీ తెప్ప తెర దాటలేదు. అప్పటికి వాడికి పదహారేళ్లు. మా పేట ముందు సముద్రం ఒకదాని వెనక ఒకటి మూడు తెరలు లేపుతుంది. ఆ మూడూ దాటితేనే వేట. నాలుగుసార్లు తెప్ప తలకిందులైంది, నాలుగుసార్లూ వాడు ఉప్పునీళ్లు కక్కుకుంటూ ఒడ్డుకొచ్చాడు. మూడోసారి తెడ్డు తగిలి చెవి వెనక చీరుకుపోయింది. ఒడ్డునున్న ఆడవాళ్లు "ఓ పోతురాజు మావా, గుంటణ్ని సంపేస్తావేటి?" అని నా మీద కేకలేశారు. నేను వాణ్ని వెనక్కి రమ్మనలేదు. అయిదోసారి మూడో తెర వీపుమీదికెక్కి అవతలికి జారిపోయాడు. వాడి మొదటి గెలుపు అది. నేర్పినవాణ్ని నేను. మా పేటలో ఎవరినడిగినా చెబుతారు.

ఎల్లాజీ మా అక్క కూర్మమ్మ కొడుకు. నేను ఊరి బడిలో అయిదో తరగతి వరకు చదివాను. నలభై మూడేళ్లు సముద్రం మీద తిరిగాను. నా నావ ఎక్కిన మనిషిని ఒక్కణ్ని కూడా పోగొట్టుకోలేదు. మత్స్యకారుల సంఘానికి రెండుసార్లు అధ్యక్షుణ్ని. ఒడ్డు దాకా వేసిన సిమెంటు రోడ్డు నేను శ్రీకాకుళం చుట్టూ చెప్పులరిగేలా తిరిగి తెచ్చిందే. ఇవన్నీ నిజాలే. అయితే నేను రాయాలని కూర్చున్నది వాడి గురించి.

వాడు ఇరవయ్యో ఏట గుజరాత్ వెళ్లాడు. మా వైపు మగవాళ్లు చాలామంది ఆగస్టులో వీరావల్ వెళ్లే రైలెక్కుతారు, మళ్లీ వేసవిలో దిగుతారు. వాడు పెద్ద బోటు మీద వంటవాడిగా చేరి, వల లాగేవాడై, ఏడో ఏటికి బోటు నడిపే డ్రైవరయ్యాడు. మా పేట నుంచి అంత తొందరగా డ్రైవరైనవాడు ఇంకొకడు లేడు. అలా పదిహేను సీజన్లు. కూతురు పుట్టినప్పుడు సముద్రం మీద ఉన్నాడు. తల్లి పోయినప్పుడూ అంతే. మా అక్కకి నేనే కొరివి పెట్టాను.

కిందటి వేసవిలో సొంతంగా ఫైబర్ బోటు తెచ్చుకున్నాడు. వేట నిషేధం తీరిన మర్నాడే నీళ్లలోకి దింపి, నెలన్నర తిరిగాడు. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, కూతురి పక్కన కూర్చుని అన్నం తినేవాడు. కానీ వీరావల్‌లో బోటు యజమాని సేటుకి ఇంకొక్క సీజను చేస్తానని అంతకు ముందే మాటిచ్చాడు.

"ఇదే ఆకరు మావా. ఆ పైన ఉషనీ పిల్లనీ ఒగ్గీసి నానెక్కడికీ ఎల్ను" అన్నాడు.

మా పేటలో ఏ బోటుకీ షెడ్డు లేదు. ఇళ్లే రెండేసి గదులు. అందుకని ఎల్లాజీ ఇంజను విప్పి, గోనెసంచుల్లో చుట్టి, మా మంచం కిందకి తోశాడు. "పురిటి పిల్లని సుట్టినట్టు సుట్టీసేడు" అని నా భార్య తాతమ్మ ఒకటే నవ్వు. బోటుని మాత్రం సరుగుడు తోట అంచు దాకా లాగించి, పాత లారీ టైర్ల మీద బోర్లించాడు. నాలుగు చెట్లకి నాలుగు తాళ్లు కట్టాడు. అడుగున నీళ్లు పోయే కన్నానికుండే బిరడా తీసి భార్య ఉష చేతికిచ్చాడు.

"ఇలగే ఉంచు మావా. నెలకోపాలి తాళ్లు సూడు. ఇంకేటీ సెయ్యక్కర్నేదు."

"నువ్వు నాకు సెప్తన్నావేట్రా? నువ్వు పుట్టకముందే నావలు కాసినోణ్ని."

"అందుకేగా నీకొగ్గీసి ఎల్తన్నాను" అని నవ్వి, సంచి భుజానేసుకున్నాడు.

అక్టోబరు ఆఖరులో తుపాను కబురొచ్చింది. టీవీలో గాలి వేగం చెప్పారు. నేను తోటకి వెళ్లి చూశాను. బోర్లించిన బోటు కింద గాలి దూరితే చాట ఎగిరినట్టు ఎగిరిపోతుందనిపించింది. మా రోజుల్లో కర్రనావని అలా ఎవరూ ఉంచేవారు కాదు. రెండు తాటిదుంగల మీదికెక్కించి, కడుపు నిండా తడి ఇసుక పోసేవాళ్లం. ఆ బరువుకి గాలి నావని కదపలేదు, ఆ తడికి పలకలు ఎండి సందులివ్వవు. మా నాన్న చేసింది అదే, నేను చేసిందీ అదే. ఒక్క తుపానులో కూడా నా నావ అంగుళం జరగలేదు.

పదిమందిని పిలిచాను, బిరడా తెమ్మని ఉషకి కబురంపాను. ఉష బిరడా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"మావా, ఆయన అలగే ఉంచమన్నాడు గదా. ఓపాలి పోను సేసి అడుగుదుమేటి?"

"సముద్రం మీదున్నోడికి పోన్లో ఏటి తెలుస్తాదే? గాలి ఇక్కడుంది."

"ఇది కర్రనావ కాదు గదా మావా!"

"నావ నావేనే. ఆ బిరడా ఇలాగియ్యి, ఇసక కారిపోతాది."

అది ఇచ్చేసింది. నా మాట మీద మాట ఎవరంటారు? బోటుని తిరగేయించి, ముందొక దుంగ, వెనకొక దుంగ పెట్టించాను. బిరడా దిగ్గొట్టించాను. ఆడవాళ్లు గంపలతో తడి ఇసుక మోశారు. సాయంత్రానికి బోటు అంచుల దాకా నిండింది.

తుపాను వచ్చింది, వెళ్లింది. మూడు బోట్లు తాళ్లు తెంపుకుని తోటలోకి దొర్లాయి. ఎల్లాజీ బోటు పెట్టినచోటే ఉంది. నేను అందర్నీ తీసుకెళ్లి చూపించాను. రామతీర్థం నుంచి చుట్టాలొస్తే వాళ్లనీ తీసుకెళ్లాను. ఉష రెండుసార్లు, "ఇసక తీయించీ మావా" అంది. కార్తీకం దాటే దాకా గాలిని నమ్మలేం, ఉండనీ అన్నాను. నిజం చెప్పాలంటే, ఆ ఇసుక తీసేస్తే చూపించడానికి నాకేమీ మిగలదు. నవంబరంతా వానలు పడ్డాయి. బిరడా బిగించి ఉంది. నీళ్లకి దారి లేదు, అన్నీ ఇసుకలోనే నిలిచాయి.

ఆ నెలలోనే ఎల్లాజీ ఫోన్ చేశాడు. "బోటు ఎలగుంది మావా?"

"అంగుళం కదల్నేదురా!"

"నీ సేతిలో ఉంటే నాకు బెంగేటి. సేటుతో సెప్పీసేను, పై ఏడు నాను రానని. నా సోటులో ఇంకోణ్ని ఎట్టుకున్నాడు."

ఫిబ్రవరిలో ఇసుక తోడించాం. అడుగు కనబడగానే ఉష నోటి మీద చెయ్యి పెట్టుకుంది. రెండు దుంగల నడుమ బోటు కిందికి వంగి ఉంది. ఈ అంచు నుంచి ఆ అంచుకి చీలిక, నా వేలు పట్టేంత. ఫైబర్ బోట్లు బాగుచేసే శివాజీని పిలిపించాను. అతను వంగి, అడుగంతా అరచేత్తో తడుతూ పోయాడు.

"ఇందులో ఇసక పోసింది ఎవలు?"

"నానే."

"కర్రనావకైతే కింద దూలం ఉంటాది, అడ్డకర్రలుంటాయి, మొయ్యగల్దు. దీనికి ఏటున్నాది మావా, వొట్టి తొడుగు. నడుం ఇరిగిపోనాది."

"పట్టీ ఎయ్యలేవా?"

"ఎయ్యగల్ను. ఏట్లో తిరగడానికి పనికొస్తాది. తెర మీద పడితే రెండు ముక్కలైపోతాది. అందులో మడుసులుంటారు మరి."

అక్కడ పదిమంది ఉన్నారు. ఒక్కొక్కరే గంపలు తీసుకుని వెళ్లిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది. తాతమ్మ ఒక్కతే ఇంటికొచ్చాక, "గాలికి పోయిన మూడు బోట్లూ గీతలు పడి ఊరుకున్నాయి. నువ్వు కాసింది ఇరిగిపోనాది" అంది.

ఎల్లాజీ ఆ తర్వాత నాలుగుసార్లు ఫోన్ చేశాడు. నాలుగుసార్లూ చెప్పబోయాను. "ఇప్పుడు సెప్పకు మావా. సముద్రం మీద మనసు ఒకసోట, సెయ్యి ఒకసోట ఉంటే ఏటవుతాదో నీకు తెల్దేటి?" అని, ఫోన్ మోగుతుండగానే ఉష నా చేతిలోంచి లాక్కుంది. దాని మాట ఒకసారి వినలేదు, ఇప్పుడు వింటున్నాను. కానీ వాడు అక్కడ చోటు వదులుకున్నాడు, ఇక్కడ బోటు లేదు. ఆగస్టు వచ్చేసరికి మళ్లీ ఎవరో సేటు దగ్గర వల లాగేవాడిగా మొదలుపెట్టాలి. పదిహేను సీజన్లు చేసినవాడు, డ్రైవరైనవాడు. వాడి కూతురికి పదకొండేళ్లు. నాన్న ఈ ఏడు నుంచి ఇంట్లోనే ఉంటాడని బడిలో అందరికీ చెప్పుకుంది.

తెర దాటడం వాడికి నేర్పాను. ఎవరినైనా ఒక మాట అడగడం నేనే నేర్చుకోలేదు. కర్రనావల గురించి నాకు తెలిసినంత మా పేటలో ఎవరికీ తెలియదు, ఆ మాట ఇప్పటికీ అంటాను. వాడి బోటు కర్రది కాదు. నా కళ్లెదుట ఉన్నదాన్ని నేను చూడలేదు.

వాడు తోటకి వెళ్లి తన కళ్లతో చూసుకునే లోపు నా నోటితోనే వినాలి. అందుకని ఆమదాలవలస స్టేషనుకి నేనొక్కణ్నే వెళతానని ఉషకి చెప్పాను. వాడు రైలు దిగేది మే నెల ఇరవై మూడో తేదీ, శనివారం.