ఒకటో నంబరు మెషిను

ఆవిడ అసలు పేరుతో ఆ లాండ్రీలో ఎవరికీ పని పడలేదు. పందొమ్మిదేళ్ళుగా ఒకటో నంబరు ఇస్త్రీ ప్రెస్సు మీద నిలబడింది కాబట్టి అందరికీ ఒకటో నంబరక్క. కిటికీ పక్కనుండే ఆ మెషిను మీదికి పెద్ద హోటల్ మేనేజర్ల తెల్లచొక్కాలు మాత్రమే వచ్చేవి. కాలరు సరిగ్గా కూర్చోకపోతే హోటలువాళ్ళు చొక్కాని వెనక్కి పంపేస్తారు. ఆవిడ చేతి చొక్కా ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఆ సంగతి రోజుకొకసారైనా ఎవరో ఒకరి చెవిన వేసేది. తన గొప్ప తాను చెప్పుకోవడానికి మొహమాటపడే మనిషి కాదు.

చొక్కా పరిచి కుడికాలితో పెడల్ తొక్కితే పైపలక దిగి ఆవిరి బుస్సుమంటుంది. మిగతావాళ్ళు ప్రతి చొక్కాకీ కాలు దించి, మళ్ళీ ఎత్తి తొక్కుతారు. ఈవిడ దించేది కాదు. ఒంటి బరువంతా ఎడమకాలి మీద వేసి, కుడి పాదాన్ని పెడల్ మీదే ఆనించి ఉంచేది. దానివల్ల చొక్కాకి మూడు సెకన్లు కలిసొస్తాయి. ఆ మూడు సెకన్ల కోసం పందొమ్మిదేళ్ళు ఒంటికాలి మీద బతికింది.

తోడికోడలు పనిలో చేరినప్పుడు ఆ కిటుకు కూడా నేర్పింది. మరిది పెళ్ళాం, పక్క వాటాలోనే కాపురం, "అక్కా అక్కా" అంటూ కొంగు పట్టుకు తిరిగే పిల్ల. ఆ పిల్ల కాలు దించినప్పుడల్లా "దించకే, నేల ఎక్కడికీ పారిపోదు" అంటూ మోకాలి మీద ఒక్కటేసి మరీ నేర్పింది.

ఆ తర్వాత నడుం పట్టింది. మొదట సాయంత్రాలు, తర్వాత మధ్యాహ్నాల నుంచే. ఎడమ తుంటిలో మొదలై పిక్క దాకా ఒకటే సలుపు. భోజనాలయ్యాక మాసిన దుప్పట్ల మూటల వెనక పది నిమిషాలు నడుం వాల్చి వచ్చేది. ఆ సంగతి తెలిసింది ఒక్క తోడికోడలికే. ఒకరోజు సూపర్‌వైజర్ అటూ ఇటూ చూడకుండా నేరుగా ఆ మూటల వెనక్కే వచ్చి నిలబడ్డాడు.

"లేవండమ్మా. నిలబడలేని మనిషిని ఒకటో నంబరు మీద ఎలా ఉంచమంటారు? రేపట్నుంచి కింద మడతల బల్ల దగ్గర కూర్చోండి."

మర్నాడు ఒకటో నంబరు మీద తోడికోడలు నిలబడి ఉంది. అసలే నడుం విరిగిన మనిషిని వెన్నుపోటు పొడవాలంటే ఎంత గుండె ఉండాలో మీరే చెప్పండి. సాయంత్రం మెట్ల దగ్గర ఎదురుపడితే, "నేనేం చెయ్యనక్కా, ఆయన అడిగాడు, చెప్పాను" అంది కళ్ళెత్తకుండా. ఈవిడ పక్కకి తప్పుకుని మెట్లు దిగిపోయింది. నాలుగు తిట్లు తిట్టేస్తే కడుపుమంట చల్లారిపోతుందేమోనని భయం. అది చల్లారడం ఆవిడకి ఇష్టం లేదు.

కింద గదికి కిటికీ లేదు. దిండు గలీబులు మడతపెట్టే ఆడవాళ్ళు ఆవిడని "కొత్తావిడా, ఇటు జరుగు" అన్నారు. పందొమ్మిదేళ్ళ సర్వీసు మీద కొత్తావిడ! నడుం కంటే ఆ మాటే ఎక్కువ సలిపింది. నాలుగో రోజు సూపర్‌వైజర్ గదిలోకి వెళ్ళి, "మూడు నెలలాగి ఒక పూట నన్ను నిలబెట్టి చూడండి. మధ్యలో కూర్చున్నానంటే మళ్ళీ పైకి రానే రాను" అంది. వదిలించుకోవడానికి ఆయన సరేనన్నాడు. నూట ఇరవై చొక్కాలు, ఒక్కసారి కూడా కూర్చోకూడదు.

ఆ వారమే ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి ఫిజియోథెరపీ మేడం నడుం నొక్కుతుందనుకుంటే చెప్పులు విప్పించింది. ఎడమ చెప్పు మడమ అరిగి కాగితమైపోయింది. కుడిది నిన్న కొన్నట్టుంది. కుడికాలి మీద కళ్ళు మూసుకుని నిలబడమంటే, రెండు అంకెలు లెక్కపెట్టేలోపే ఈవిడ మేడం మీద పడబోయింది.

"నొప్పి నడుంలో ఉంది కానీ తప్పు నడుంది కాదమ్మా. ఎడమ తుంటి బిగుసుకుపోయింది. కుడిపక్క కండ పనిలేక బద్ధకించింది. మధ్యలో నడుం ఇద్దరి చాకిరీ చేస్తోంది."

"అచ్చం మా ఇంట్లోలాగే" అంది ఈవిడ.

పడుకుని పాదానికి తువ్వాలు తగిలించి కాలు నిటారుగా లాగాలి. ఒక మోకాలు నేలకానించి తుంటిని ముందుకు నెట్టాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ముడిచి పిరుదులు పైకెత్తి ఉంచాలి. ఒక పాదం వేళ్ళకి రెండో పాదం మడమ ఆనిస్తూ గచ్చు గీత మీద నడవాలి. పళ్ళు తోముకున్నంతసేపూ కుడికాలి మీదే నిలబడాలి. లాగినట్టుంటే సరే, పొడిచినట్టుంటే వెంటనే ఆపాలని మేడం షరతు పెట్టింది.

పొద్దున్నే లేచి ఇవన్నీ చేసేది, ప్రతి అంకెకీ తోడికోడలి ముఖం తలుచుకుంటూ. మూడు వారాలైనా తుంటి అంగుళం వదల్లేదు.

"పళ్ళెందుకు నూరుతున్నారు?" అంది మేడం. "అలా బిగదీస్తే ఊపిరి ఆగుతుంది. ఊపిరి ఆగితే కండ వదలదు. ఆ కోపం బయట పెట్టి రండి."

"కోపం బయట పెడితే నేనూ బయటే ఉండిపోతాను మేడం. నన్ను ఇక్కడిదాకా నడిపించుకొచ్చింది అదే."

మేడం పగలబడి నవ్వింది. "అయితే ఊపిరి వదులుతూ కోపగించుకోండి."

ఆ మాట బాగా పనికొచ్చింది. ఆవిడ ఊపిరి నెమ్మదిగా వదులుతూ తిట్టడం నేర్చుకుంది. ఒక్కో తిట్టూ ఎనిమిది అంకెల పొడవు. ఒకనాడు మొగుడు దుప్పట్లోంచి తల బయటపెట్టి, "పొద్దున్నే ఎవర్నే ఆ తిట్టడం?" అన్నాడు.

"మీ తమ్ముడి పెళ్ళాన్ని. లెక్క తప్పించకండి."

రెండో నెలకి తుంటి వదిలింది. మూడో నెలకి కుడికాలి మీద నలభై అంకెలు కదలకుండా నిలబడగలిగింది. సలుపు పూర్తిగా పోలేదు. కాకపోతే ఎప్పుడు తలెత్తుతుందో, ఏం చేస్తే తగ్గుతుందో ఇప్పుడు తెలుసు.

పరీక్షనాడు తోడికోడల్ని రెండో నంబరు మీదికి జరిపి ఈవిడని ఒకటో నంబరు మీద నిలబెట్టారు. ప్రతి చొక్కాకీ కాలు దించింది, పోతే పోయాయి మూడు సెకన్లు. పది చొక్కాలకోసారి నిలబడే తీరు మార్చింది. తొంభయ్యో చొక్కా దగ్గర సలుపు తలెత్తితే, బరువు రెండు కాళ్ళకీ పంచి, నాలుగు పొడుగాటి ఊపిర్లు వదిలింది. అవి ఉత్త ఊపిర్లు కావని వేరే చెప్పక్కర్లేదు. నూట ఇరవయ్యో చొక్కాని హ్యాంగరుకి తగిలించి, ఎవరూ అడక్కుండానే ఒంటికాలి మీద నిలబడి సూపర్‌వైజర్ కేసి చూసింది.

"చాలమ్మా చాలు, కాలు దించండి" అన్నాడాయన. "రేపట్నుంచి ఈ మెషిను మీదే. మీ తోడికోడలు రెండో నంబరు చూసుకుంటుంది."

అప్పుడు తోడికోడలి వైపు తిరిగింది. ఆ ముఖం మాడిపోవడం చూడాలనే మూడు నెలలు ఆగింది. ముఖం మాడే ఉంది, కానీ ఓటమివల్ల కాదు. ఆ పిల్ల కుడి పాదం పెడల్ మీద, ఒళ్ళంతా ఎడమ తుంటి మీద, ఒక చెయ్యి నడుం మీద. ఈవిడకి ఒళ్ళు పులకరించింది. ఇక తను వేలెత్తనక్కర్లేదు. ఇంకో ఏడాది పోతే అదే పడిపోతుంది.

సాయంత్రం దాకా ఆ సంతోషాన్ని చప్పరిస్తూనే ఉంది. ఇంటికొచ్చేసరికి చేదెక్కింది. ఆ కాలు దించనివ్వకుండా కొట్టి నేర్పింది తనే. తను నేర్పిన తప్పుతో కూలిపోతే అందులో తన గెలుపేముంది? పైగా అది కింద గదికి పోతే తన గెలుపు ఎవరు చూడాలి? పక్క మెషిను మీద నిలబడి రోజూ చూడాలి, రిటైరయ్యేదాకా చూడాలి.

దీపాలు పెట్టే వేళకి తోడికోడలే గుమ్మంలోకి వచ్చింది. "అక్కా, నెల నుంచి ఎడమపక్క ఒకటే సలుపు. నువ్వేం చేశావో నాక్కూడా చెప్పవా?"

ఈవిడ గుమ్మంలోంచి పక్కకి జరిగింది. "లోపలికి రా. ఎడమకాలు ఎత్తి, కుడికాలి మీద నిలబడు."

ఆ పిల్ల కాలెత్తింది. ఎత్తగానే తూలి, ఆసరాకోసం అక్క భుజం మీదికి చెయ్యి చాపింది. ఈవిడ ఒక్కడుగు వెనక్కి వేసింది.

"నన్ను పట్టుకోకు. గోడ పట్టుకో."