ఫోలీ గారి అనుమానం

బోస్టన్ కోర్టులో లాయరు బెర్నడెట్ ఫోలీ అంత అనుమానపు మనిషి ఇంకొకరు లేరు. ప్రాసిక్యూటర్ల గదిలో ఆమె మంచినీళ్లయినా ముట్టదు. ఎవరైనా మరీ నవ్వుతూ ఎదురొస్తే చేతిసంచిని చంకలోకి లాక్కుంటుంది. ప్రతి కాగితాన్నీ కిందినుంచి పైకి చదువుతుంది. మనిషిని ఇరికించే మాట అడుగునే ఉంటుందని ఆమె నమ్మకం.

ఆ చలికాలం వెండెల్ అనే బడిపంతులి కేసు ఆమె చేతికొచ్చింది. నీటి బిల్లుల వెబ్‌సైట్లో ఒకరి బిల్లులు ఇంకొకరికి కనబడుతున్నాయని అతను నీటి సరఫరా ఆఫీసుకు చెబితే, అతని మీదే హ్యాకింగ్ కేసు పెట్టారు. "నేరం ఒప్పుకుంటే నాలుగు నెలల జైలు, లేదంటే ముప్పై ఏళ్లు" అన్నాడు ప్రభుత్వం తరఫున వాదించే ప్రాసిక్యూటర్ విట్‌లాక్. ఇలా బెదిరిస్తున్నాడని ఫోలీ అతని మీద, లాయర్ల తప్పులు విచారించే క్రమశిక్షణ సంఘానికి ఫిర్యాదు చేసింది. ఆ వెంటనే విట్‌లాక్ వరండాలో నవ్వుతూ ఎదురయ్యాడు. "కేసు ఎత్తేస్తాను బెర్నడెట్. నువ్వు ఫిర్యాదు వెనక్కి తీసుకో." ఆమె ఆ మాట వెండెల్‌కి చెప్పి, "తలకాయ నీది, నువ్వే తేల్చుకో" అంది. వెండెల్ ఆమెనే అడిగాడు. "ఈ బేరానికి ఒప్పుకుంటే రేపు విట్‌లాక్ ఇంకొకడి మీద పడతాడు కదండీ?" "పడతాడు." "అయితే వద్దండీ." మర్నాడు ఫోలీ ఆ బేరాన్ని నిండు కోర్టులో జడ్జికి చెప్పేసింది. జడ్జి అడిగితే విట్‌లాక్ అవునని ఒప్పుకున్నాడు. జడ్జి కేసు కొట్టేసి, బేరం సంగతీ సంఘానికి పంపించాడు. "సంఘం అతన్ని నిలదీస్తుందంటారా?" అన్నాడు వెండెల్, కళ్లు తుడుచుకుంటూ. "నాకు నమ్మకం లేదు నాయనా," అంది ఫోలీ కోటు తొడుక్కుంటూ, "అందుకే అక్కడికే వెళ్తున్నాను."