కరీముల్లా కాపాడిన తోడు

కరీముల్లా అజాగ్రత్త వల్లే తోడు చచ్చిపోయిందని మా మేనేజరు యజమానికి చెప్పాడు. అది అబద్ధం.

1998. భవానీపురంలో చిన్న ఫ్యాక్టరీ. వన్ టౌన్ పనీరు కొట్లవాళ్ళు కాలువలో పారబోసే విరుగుడు నీళ్ళను క్యాన్లలో తెచ్చుకునేవాళ్ళం. వాటిలో లాక్టోబాసిల్లస్ అనే బాక్టీరియాను వేసి వెచ్చగా ఉంచితే, అందులోని చక్కెర తిని పులుపు పుట్టిస్తుంది. దానికి సున్నపురాయి పొడి కలిపితే కాల్షియం లాక్టేట్. కాల్షియం మాత్రల్లో వాడతారు. నేను బాయిలర్ మనిషిని. ఇదంతా పాత పుస్తకాలు కొని చదివీ, ట్యాంకులు చూసే కరీముల్లాను అడిగీ నేర్చుకున్నాను.

ఆ బాక్టీరియాను కంపెనీ కల్చర్ అనేది, మేము తోడు అనేవాళ్ళం. ఒక కొట్టువాడు నిమ్మరసంతో పాలు విరగ్గొడితే ఇంకొకడు వెనిగర్ పోస్తాడు. అన్ని రకాల నీళ్ళనూ తట్టుకునేలా దాన్ని ఏళ్ళ తరబడి పెంచినవాడు కరీముల్లా.

ఉయ్యూరు వైపు మరో యూనిట్ వాళ్ళు మా తోడు ఒక సీసా అడిగారు.

"ఇద్దాం సార్. ఇంట్లో తోడు చెడితే గిన్నె పట్టుకుని పక్కింటికి పోమా? రేపు మనది పోతే వాళ్ళ దగ్గరుంటది" అన్నాడు కరీముల్లా.

"ఇది మీ ఇంటి పెరుగు కాదయ్యా, కంపెనీ రహస్యం" అన్నాడు మేనేజరు.

తర్వాత కరీముల్లా కామెర్లతో ఆస్పత్రిలో చేరాడు. అదే వారం తనిఖీకి బ్యాంకువాళ్ళు వస్తున్నారని మేనేజరు ట్యాంకులన్నీ బ్లీచింగ్‌తో కడిగించాడు. కంపు కొడుతున్నాయని ఫ్రిజ్‌లో దాచిన తోడు సీసాలూ పారబోయించాడు.

"సార్, అవి బతికున్నవండీ" అన్నాను.

"నువ్వు బాయిలర్ చూసుకోవయ్యా."

ల్యాబ్ నుంచి కొత్త కల్చర్ తెప్పించారు. మా నీళ్ళలో అది నిలవలేదు, సరుకంతా కుళ్ళింది. గిన్నె పట్టుకెళ్ళడానికి మాకు పక్కిల్లు లేదు. ఫ్యాక్టరీ మూతపడింది.

కరీముల్లా తిరిగొచ్చి ట్యాంకు మూత ఎత్తి వాసన చూశాడు. "ఏంటన్నా, పులుపు లేదు?" అన్నాడు. జరిగింది చెప్పాను. యజమానికీ చెప్పాను, వినలేదు. తోడు చంపినవాడని పేరుపడ్డ మనిషికి ఇంకెవరూ పని ఇవ్వలేదు. ఆ పేరుతోనే పోయాడు. ఖననమైన సాయంత్రం అతని భార్య అడిగింది: "అన్నయ్యా, ఆయన నిజంగానే పాడుచేశాడా?"

నేను కాదంటే స్నేహం కొద్దీ అన్నాననుకుంది. ఆమెకు ఒక్క మాట చెప్పమని ఏళ్ళపాటు మేనేజరు గుమ్మం తొక్కాను. ప్రాణమున్నదాన్ని నలుగురి దగ్గరా ఉంచాలని ఆ ఫ్యాక్టరీలో నేర్చుకున్నాను. నిజాన్ని కూడా అంతే. అది నా ఒక్కడి దగ్గరే మిగిలిపోయింది.

చివరికి, రిటైరయ్యాక, వరండాలో కూర్చుని మేనేజరు జవాబిచ్చాడు.

"అతని తప్పు కాదని తెలుసండీ. ఆ రోజే తెలుసు. అతను ఆస్పత్రిలో ఉన్నాడు కదా, ఎదురు చెప్పడనుకున్నాను."