మజ్జిగ తరుగు

ఇప్పుడంటే మనిషి బరువు ఆ మనిషి సొంత వ్యవహారం. ఎవరైనా అడిగితే కోపం కూడా వస్తుంది. ఆ రోజుల్లో, అంటే తొంభైల మధ్యలో, మా భీమవరం వైపు అది నలుగురి వ్యవహారం. బస్సులో పక్కన కూర్చున్నాయన టికెట్ తీసుకునే లోపే "ఏంటండి, ఇలా చిక్కిపోయారు?" అని అడిగేవాడు. ఆయన నన్ను చూడడం అదే మొదటిసారి. చిక్కిపోవాలంటే ముందు ఒళ్ళంటూ ఉండాలి. నాకు ఎప్పుడూ లేదు. ఇరవై నాలుగేళ్ళ వయసులో నా బరువు నలభై ఆరు కేజీల నాలుగు వందల గ్రాములు (బట్టలు కాకుండా, బట్టలు విడిగా తూచాను, ఏడు వందల యాభై గ్రాములు వచ్చాయి).

ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటారా, అప్పట్లో నా ఉద్యోగమే అది. ఇంటర్ తప్పి, లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకుని, ఒకాయన చేపల చెరువుల మీద మేత లెక్కలు రాసేవాణ్ణి. పదిహేను రోజులకోసారి చెరువు నాలుగు మూలలా విసురు వల వేయించి, పడిన శీలావతుల్నీ బొచ్చెల్నీ తూచి, సగటు కట్టి, రేపటి నుంచి ఎన్ని బస్తాల తవుడు, ఎంత వేరుశనగ చెక్క వెయ్యాలో చెప్పాలి. చేపలు ఎదిగితే అందరూ బాగుండేవారు. ఎదగకపోతే మాత్రం చేపపిల్లల్ని అమ్మినాయన "మేత చాల్లేదండి" అనేవాడు, మేత అమ్మినాయన "సీడే మంచిది కాదండి" అనేవాడు. ఏటా ఇదే తగువు. ఇద్దరూ నా వైపు చూసేవారు. నేను పుస్తకం వైపు చూసేవాణ్ణి. ఏదో ఒక రోజు ఈ తగువు నా ఒంటి మీదకే వస్తుందని పుస్తకంలో ఎక్కడా లేదు.

పక్క ఊళ్ళో రెండు చెరువులున్న ఒకాయన (అప్పటికింకా మామగారు కాని మా మామగారు) వాళ్ళమ్మాయిని చూసుకోవడానికి మమ్మల్ని రమ్మన్నారు. నేనూ అమ్మా నాన్నా వెళ్ళాం. బొబ్బట్లు పెట్టారు. నేను తింటుండగా ఆయన నన్ను పైనుంచి కిందకీ, కిందనుంచి పైకీ చూసి, చాలా మర్యాదగా "అబ్బాయికి ఒంట్లో ఏమన్నా బాగోదాండి?" అని నాన్నని అడిగారు. నాన్న ఏదో అనబోయేలోపు అమ్మ అందుకుంది. "ఒంట్లో బానే ఉంటాడండి. తిండే సరిగ్గా తినడు. ఆ చెరువుల చుట్టూ తిరగడంలో ధ్యాసుండదు."

నాకు ఆశ్చర్యం వేసింది. ఇంట్లో మూడో వాయి అన్నానికి కూర మిగలడం లేదని నా మీద నేరం మోపేది ఆవిడే. తర్వాత ఆలోచిస్తే అమ్మ లెక్క అర్థమైంది. తినక బక్కగా ఉంటే మేత లోపం, సరిదిద్దుకోవచ్చు. తిని కూడా బక్కగా ఉంటే సీడు లోపం, దానికి మందు లేదు. అయితే ఆ గదిలో లెక్క తెలిసినవాళ్ళు ఇంకొకరున్నారు. ఆయన తల్లి, మామ్మగారు, గుమ్మం పక్క కుర్చీలోంచి "తినకపోడమేంటమ్మా! ఇప్పటికి నాలుగు బొబ్బట్లయ్యాయి. ఐదోది చేతిలో ఉంది" అన్నారు.

ఐదోదాన్ని పళ్ళెంలో పెట్టేశాను. (సగం అప్పటికే అయిపోయింది.)

"విత్తనాన్ని బట్టే మొక్కరా అబ్బాయ్," అని మామ్మగారు కొడుకుతో, మేమంతా అక్కడ లేనట్టే, చెప్పారు. "వీళ్ళ తాతని నేనెరుగుదును. గాలి తోలిందంటే చేలో గట్టు మీదకి వెళ్ళేవాడు కాదు. తండ్రి సరేసరి. చూస్తున్నావుగా."

నాన్న తన చేతులు తాను చూసుకున్నారు.

"అలాగనకమ్మా," అన్నారు మామగారు. "మేత పడితే ఏ సీడైనా ఎదుగుద్ది. ముప్పై ఏళ్ళుగా చూస్తన్నాను."

"మా అమ్మ పుట్టింటి వైపు మా మేనమామలు ముగ్గురూ తొంభై కేజీల పైనేనండి," అని నేను సమాచారం కోసం చెప్పాను. అప్పుడు తలుపు పక్కనుంచి ఆ అమ్మాయి మొదటిసారి మాట్లాడింది. "ఆ జేబులో పుస్తకం ఏంటండి?"

నేను చెప్పాను. మేత, సగటు బరువు, కేజీ చేపకి ఎన్ని కేజీల మేత పట్టింది, అన్నీ. ఆవిడ విని "అయితే అంకె తప్పు పడితే ఏం చేస్తారు?" అంది. "కొట్టేసి పక్కన సంతకం పెడతానండి" అన్నాను. ఆవిడ తల ఊపింది. అంతవరకు ఎవరూ నన్ను ఆ పుస్తకం గురించి అడగలేదు. ఇంకెవర్నీ చూడనక్కర్లేదని అప్పుడే తీర్మానించుకున్నాను.

తల్లికీ కొడుక్కీ మాట కుదరక, చివరికి ఆయనే ఒక షరతు పెట్టారు. "జ్యేష్ఠంలో మా పెద్ద చెరువు పట్టుబడి, చేపలన్నీ పట్టించేస్తాం. రెణ్ణెల్లుంది. ఆ రోజు గట్టు మీదకి కాటా ఎలాగూ వస్తది. అబ్బాయి యాభై కేజీలు తూగాడా, మేత లోపమే. అక్కడే తాంబూలాలు మాట్లాడుకుందాం. తూగలేదా, అమ్మ మాటే నిజం." ఇంత శాస్త్రీయంగా పెళ్ళి నిర్ణయమవడం నాకు తెలిసి మా తాలూకాలో అదే మొదటిది. ఒప్పుకున్నాను.

మర్నాటి నుంచే మేత మొదలైంది. పొద్దున్నే పెసరట్టు ఉప్మా రెండు, పదింటికి సున్నుండలు మూడు, మధ్యాహ్నం పప్పు, నెయ్యి, వేపుడు, పులుసు, గడ్డ పెరుగు, దాని మీద మామిడిపండు, సాయంత్రం గారెలో అరటికాయ బజ్జీలో, రాత్రి మళ్ళీ అన్నం, పడుకోబోయే ముందు పాలు. ప్రతిదీ తూచి తిన్నాను. నాతోపాటు చెరువుల మీద పనిచేసే మా పెద్దమ్మ అల్లుడు, అందరూ బొచ్చె బావ అనేవారు, అప్పట్లో మా ఇంట్లోనే ఉండేవాడు. "ఒక్కడివే తింటే ఏం సయిస్తది బావా, చెరువులో చేప కూడా పదింటితో కలిస్తేనే తింటది" అని రోజూ ఎదురుగా విస్తరి వేయించుకునేవాడు. పోలికకి పనికొస్తాడని అతని తిండి కూడా రాశాను.

ముప్పై రోజులకి తవుడు బస్తాలు తూచే కాటా ఎక్కితే నేను కేజీ నూట యాభై పెరిగాను. బొచ్చె బావ మూడు కేజీలు పెరిగాడు. అతను నాకంటే రోజుకి సగటున నూట యాభై గ్రాములు తక్కువే తిన్నాడు. కాటా తప్పేమోనని ఒకరి తర్వాత ఒకరం మూడేసిసార్లు ఎక్కాం. కాటా తప్పు కాదు. అమ్మ వచ్చి రెండు అంకెలూ చూసి, ఆ రోజు నుంచి అతని విస్తట్లో నెయ్యి తగ్గించి నా విస్తట్లో పెంచింది. అయినా అతను పెరగడం ఆగలేదు. చొక్కా గుండీ ఒకటి తెగి నా పప్పులో పడింది. (తీసేసి తూచాను.)

పట్టుబడి రోజు పొద్దున్న ఇంటి దగ్గర తూగితే నలభై తొమ్మిదిన్నర. అరవై రోజుల్లో నూట పదకొండు కేజీల తిండి తిని మూడు కేజీల వంద గ్రాములు పెరిగాను. కేజీ పెరగడానికి సుమారు ముప్పై ఆరు కేజీల మేత. మా చెరువుల్లో ఏ చేపైనా ఇలా చేస్తే ఓనరుగారు ఆ చెరువుకి గండి కొట్టించేవారు. అరకేజీ తక్కువ. దిగి మళ్ళీ ఎక్కాను, అదే అంకె. బొచ్చె బావ లోపలికి వెళ్ళి చెంబెడు మజ్జిగ తెచ్చాడు.

"తాగు బావా. అరకేజీకి అంత ఏడుపేంటి?"

"ఇది మోసం బావా."

"మజ్జిగ తాగడం మోసమేంటి? ఆయ్, ఎండగా ఉంది, దాహమేసింది. తాగు."

నాలుగు గ్లాసులు తాగాను. మా ఇంట్లో గ్లాసు రెండు వందల గ్రాములు.

గట్టు మీద మూడు సరుగుడు కర్రలు కట్టి పెద్ద త్రాసు వేలాడదీశారు. వల లాగుతున్నవాళ్ళు, చేపలు కొనడానికి వచ్చినవాళ్ళు, లారీ వాళ్ళు, అందరికీ విషయం తెలుసు. గొడుగు కింద కుర్చీలో మామ్మగారు, గొడుగు పట్టుకుని ఆ అమ్మాయి. కాటా మనిషి ఒక పళ్ళెంలో రెండు ఇరవైలు, ఒక పది పెట్టాడు. బట్టల తరుగు ఏడు వందల యాభై ఉందని నేనే చెబితే ఆ రాళ్ళు కూడా వేశాడు. రెండో పళ్ళెం అంతవరకు చేపలు తూచింది. దాన్ని గోనెతో తుడిచి నన్ను కూర్చోబెట్టారు. గొలుసులు పట్టుకుని కాళ్ళు ముడుచుకున్నాను. త్రాసు కాస్త ఊగి, నా పళ్ళెం కిందకి దిగింది. అటు వంద రాయి వేశారు. ఇంకోటి వేశారు. ఇంకోటి. అప్పుడు ముల్లు మధ్యకి వచ్చింది.

"యాభై కేజీల మూడొందలు!" అని కాటా మనిషి అరిచాడు. వలవాళ్ళు ఈలలు వేశారు. బొచ్చె బావ అందరికంటే గట్టిగా వేశాడు. మామగారు వాళ్ళమ్మ వైపు తిరిగి "చూశావా అమ్మా, మేత!" అన్నారు. నేను ఇంకా పళ్ళెంలోనే ఉన్నాను. దిగి నడిచి వెళ్ళిపోతే నా పెళ్ళి అయిపోయినట్టే. కానీ ఒక అంకె తప్పుగా ఉందని తెలిస్తే నాకు అన్నం సయించదు. అన్నం సయించకపోతే ఉన్న బరువూ పోతుంది. ఎటు చూసినా నష్టమే.

"తరుగు తియ్యాలండి," అన్నాను.

"తరుగేంటి? నువ్వేమన్నా తడిసిన చేపవా?" అన్నారాయన నవ్వుతూ.

"మజ్జిగ తరుగండి. వచ్చే ముందు తాగాను. అది నా ఒళ్ళు కాదు."

బొచ్చె బావ తల పట్టుకోవడం కనిపించింది. గొడుగు కాస్త పక్కకి జరిగింది.

"ఎన్ని గ్లాసులండి?" అంది ఆ అమ్మాయి.

"నాలుగు."

"గ్లాసు ఎంత?"

"రెండొందలు."

"ఎనిమిదొందలు తీసెయ్యండి నాన్నా. నలభై తొమ్మిదిన్నర." ఒక్క క్షణం కూడా పట్టలేదు ఆవిడకి. లెక్క సరిగ్గా ఉంది. నా పెళ్ళి పోయింది. అంత చక్కగా తీసివేత చేసే మనిషి మళ్ళీ దొరకదని మాత్రం బాధేసింది.

ఆయన ఏం చెయ్యాలో తెలియక రాళ్ళ వైపు చూస్తున్నారు. మామ్మగారు కుర్చీలోంచి లేచారు. "ఇన్నేళ్ళుగా ఈ గట్టు మీద కాటా చూస్తన్నావు గదరా," అన్నారు కొడుకుతో. "ఎవడన్నా తన తూకంలో తరుగు తనే చెప్పగా విన్నావా?"

"లేదమ్మా."

"నేనూ వినలేదు. వీళ్ళ తాతా ఇంతే. గాలికి భయపడేవాడు గానీ అబద్ధం ఆడేవాడు కాదు. నేను చెప్పిందే నిజం. విత్తనమే. కాపోతే విత్తనం మంచిది." నన్ను చూసి, "మేత సంగతి మనం చూసుకుందాం లే. ముందు ఆ పళ్ళెంలోంచి దింపండి, చేపలు పాడైపోతన్నాయి" అన్నారు.

ఆ సీజన్లో ఆ చెరువు పట్టుబడి బాగా వచ్చింది. శ్రావణంలో మా పెళ్ళయింది.

ఇప్పుడు నా బరువు డెబ్బై తొమ్మిది. పెళ్ళినాటి తిండిలో సగం కూడా తినను, పుస్తకాలున్నాయి, చూపిస్తాను. ఇది మేనమామల సీడు, ఆలస్యంగా మొలిచిందని నా వాదన. మా ఆవిడ సున్నుండల డబ్బా మూత తీసి లోపల ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి మళ్ళీ మూసేస్తుంది. డాక్టరుగారు డెబ్బై అయిదు దాటొద్దన్నారు. అందుకని ప్రతి ఆదివారం బాత్రూము బయట మిషను ఎక్కుతాను. నిన్న కూడా ఎక్కాను. "లుంగీకి మూడొందలు," అన్నాను, "కళ్ళజోడుకి యాభై, పొద్దున్న కాఫీకి రెండొందలు, మంచినీళ్ళకి అరకేజీ..."

వెనకనుంచి మా ఆవిడ చేతిలో గరిటెతో, చాలా నిదానంగా అడిగింది. "మా నాన్న ఆ రోజు కాటా మీద చూసింది మిమ్మల్నేనాండి?"

నేను తలొంచుకుని మిషను అంకె చూశాను. తీసివేతలన్నీ మానేసి, ఉన్నదున్నట్టు పుస్తకంలో రాసి, ముందు వేసుకున్న అంకె కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. ఆ పళ్ళెంలో కాళ్ళు ముడుచుకు కూర్చున్న కుర్రాడి సంతకం ఇంతకంటే తిన్నగా ఉండేది.